‘సరే’ అంటే ఆపు

అత్తగారికీ మామగారికీ మాటల్లేక చాలా కాలమైంది. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే లాండ్రీ నడుపుతారు, ఒకే గిన్నెలో వండింది తింటారు. మాట్లాడుకోవడం మాత్రం లేదు. దీనంతటికీ మూలం ఒక ఉన్ని కోటు. మామగారు వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న ఆ బూడిదరంగు కోటును అత్తగారు పొరపాటున వేడినీళ్ళ డ్రమ్ములో వేశారు. బయటికి తీసేసరికి అది పసిపిల్లకు తొడగడానికి పనికొచ్చేలా తయారైంది. అంతవరకూ ఎవరికైనా జరిగేదే. కానీ మామగారు దాన్ని కౌంటరు మీద పరిచి, బట్టలిచ్చి పోదామని వచ్చిన వాళ్ళందరి ముందూ, “ఇన్నేళ్ళుగా బట్టలుతుకుతున్న మనిషి చేసిన పని చూడండి” అన్నారు. అత్తగారు కోటును చక్కగా మడతపెట్టి ఆయన చేతికిచ్చి, వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆనాటి నుంచి ఆయనతో పలుకు లేదు. నాలుగు రోజులు చూసి మామగారు కూడా బిగుసుకున్నారు.

లాండ్రీకి ఉన్నవి రెండే గదులు. వెనకగది అత్తగారిది. అక్కడ ఉతికే డ్రమ్ములు మూడు, ఆరబెట్టే యంత్రాలు రెండు, సబ్బు డబ్బాలు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. ముందుగది మామగారిది. అక్కడ ఆవిరితో పనిచేసే పెద్ద ఇస్త్రీ బల్ల, బట్టలు తగిలించే ఇనప కడ్డీలు, కౌంటరు. రెండింటికీ మధ్య గోడలో బుట్ట పట్టేంత కిటికీ. ఉతికిన బట్టలు అటునుంచి ఇటు వస్తాయి, ఖాళీ బుట్టలు ఇటునుంచి అటు పోతాయి. వాళ్ళ కాపురం కూడా ఆ కిటికీ గుండానే నడుస్తోంది.

ఈ కాపురం మధ్యలో ఇరుక్కున్నవాడు అల్లుడు. ఫ్యాక్టరీ యంత్రాలకు ప్రోగ్రాములు రాసే కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ మూతబడింది. భార్య పళ్ళ డాక్టరు, ఆమెకు ఊపిరాడనంత పని. ఇతనికి ఊపిరి తప్ప పని లేదు. కాపురం లాండ్రీ పై అంతస్తులోనే కాబట్టి, ఊరికే కూర్చోవడం ఎందుకని సాయానికి కిందికి దిగాడు. దిగిన మొదటి రోజే తపాలా ఉద్యోగం దొరికింది.

“బాబూ, మీ మావయ్యగారికి చెప్పు, తెల్లబట్టలు ఇంకా ఆరలేదని” అనేవారు అత్తగారు.

“ఆరకపోతే ఇస్త్రీ దేన్ని చెయ్యాలో మీ అత్తగారినే అడిగి చెప్పు” అనేవారు మామగారు.

ఇద్దరికీ మధ్య దూరం చెయ్యి చాపితే అందేంత. ఒకరన్నది ఇంకొకరికి స్పష్టంగా వినబడుతుంది. అయినా అల్లుడు మళ్ళీ చెప్పాల్సిందే. పోనీలే అని కాస్త మెత్తగా మార్చి చెబితే, కిటికీ అవతల నుంచి “నేనలా అన్నానా?” అని వినబడేది. సాయంత్రమయ్యేసరికి అతని తల ప్రాణం తోకకొచ్చేది.

అల్లుడికి ఒక పాత పిచ్చి ఉంది. ఎప్పటికైనా తనదంటూ ఒక ప్రోగ్రాం భాష తయారు చెయ్యాలని. మామూలు భాషల్లో యంత్రానికి ఏ మాటలు తెలియాలో, వాక్యం ఏ వరసలో ఉండాలో తయారు చేసినవాడే నిర్ణయిస్తాడు. వాడుకునేవాళ్ళు నోరు మూసుకుని ఆ వరసకు అలవాటు పడాలి. తన భాష అలా ఉండకూడదనుకున్నాడు. యంత్రం పని చేస్తూ ఉండగానే, దాన్ని ఆపకుండానే, వాడుకునేవాళ్ళు దానికి కొత్త మాటలు నేర్పాలి. మాటలేమిటి, వాక్యాల పోకడే మార్చుకోగలగాలి. ఎవరి నోటికి ఏది అలవాటైతే అదే భాష అయిపోవాలి. ఇన్నాళ్ళూ ఆ భాషకు వాడేవాళ్ళు దొరకలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఇద్దరు కనబడ్డారు. వాళ్ళ మాటలు మోసే పని కూడా యంత్రానికే అప్పజెప్పవచ్చు.

కొన్ని వారాలు తిండీ తిప్పలూ మాని రాశాడు. డ్రమ్ములకూ, ఇస్త్రీ బల్లకూ వైర్లు లాగాడు. గదికొక తెర, గదికొక కీబోర్డు పెట్టాడు. అంతా సిద్ధమయ్యాక భార్యకు చెప్పాడు.

“పేరేం పెట్టావు?” అంది ఆమె.

“చెప్పు.”

“నాకేం తెలుసు, నువ్వే చెప్పు.”

“అదే పేరు. చెప్పు. వీళ్ళిద్దరి దగ్గర పొద్దస్తమానం నేను వినేది అదొక్కటే కదా.”

“అంటే రేపు పొద్దున్నే మా అమ్మ చేతికి చెప్పు ఇస్తానంటావు. బాగా ఆలోచించుకున్నావా?”

అతను ఆలోచించుకోలేదు. పేరు మాత్రం మార్చలేదు.

మర్నాడు అత్తగారిని తెర ముందు కూర్చోబెట్టి, “అత్తయ్యగారూ, దీనికి మీ మాటలు నేర్పొచ్చు” అన్నాడు.

“నా మాటలు మనుషులకే ఎక్కలేదు” అన్నారావిడ, కిటికీ వైపు తిరిగి.

అల్లుడు నమూనాగా టైపు చేసి చూపించాడు: *ఒకటో డ్రమ్ము నింపు. వేడి పెంచు. తిప్పు. పిండు. ఆపు.* తెర మీద ‘సరే’ అని వచ్చింది. డ్రమ్ము కదిలింది.

అత్తగారు ముక్కు విరిచారు. “ఇదేం మాటతీరు బాబూ, పోలీసు స్టేషన్లో ఉన్నట్టుంది. మనం ఇంట్లో ఇలాగే మాట్లాడతామా?”

“మీకెలా ఇష్టమైతే అలా మార్చుకోండి. మధ్యలో ‘అంటే’ అని పెడితే చాలు.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: *దుప్పట్లు వచ్చాయి అంటే ఒకటో డ్రమ్ము నింపు, వేడి పెంచు, తిప్పు, పిండు, ఆపు.* తెర ‘సరే’ అంది. కింద మళ్ళీ ఒక్క వాక్యం కొట్టారు: *దుప్పట్లు వచ్చాయి.* డ్రమ్ములోకి నీళ్ళు దూకాయి.

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూండిపోయారు. “నేను పని చెప్పలేదు. దుప్పట్లొచ్చాయన్నాను, అంతే. అదే అర్థం చేసుకుంది” అన్నారు. తర్వాత గొంతు పెంచి, “అలాంటి వాళ్ళు ఒకరైనా ఉన్నారు ఇప్పుడీ ఇంట్లో” అన్నారు.

ముందుగదిలో మామగారు తక్కువ తినలేదు. ఆయనకు భాష అంటే నిండుగా ఉండాలి. *మర్యాదగా* అనే మాట నేర్పారు. ఆవిరి తగ్గించి, బల్ల మూత నెమ్మదిగా దించమని దాని అర్థం. *కాస్త గట్టిగా* నేర్పారు. *చొక్కా గారికి కాలరు నొప్పి పెట్టకుండా* అనే వాక్యం కూడా నేర్పారు. దానికి యంత్రం చేసే పని కాలరు మీద ఆవిరి ఒక్క క్షణం ఆపడం.

అల్లుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వారం తిరిగేసరికి తను నేర్పిన మాటలు ఒక మూల పడి ఉన్నాయి, వాళ్ళు నేర్పినవి తెర నిండా ఉన్నాయి. పైగా ఒక గదిలో కొట్టిన వాక్యం రెండో గది యంత్రం కూడా చదివి, దాని ప్రకారం నడుచుకునేలా పెట్టాడు. యంత్రం ఇచ్చే జవాబు కూడా అలాగే, మనిషి అన్న మాటతో సమానంగా రెండు గదులకూ వెళుతుంది. ‘బుట్ట పంపండి’ అని మామగారు కొడితే అత్తగారి దగ్గర గంట మోగుతుంది. అతని తపాలా ఉద్యోగం పోయింది. పై అంతస్తులో కాళ్ళు చాపుకుని, తన భాష గురించి పెద్ద వ్యాసం రాయడం మొదలుపెట్టాడు.

ఒక్క విషయంలోనే తొందరపడ్డాడు. ఒకే మాటకు ఇద్దరు రెండు అర్థాలు నేర్పితే ఏది చెల్లుతుందని మామగారు అడిగారు. “చివర చెప్పిందే చెల్లుతుందండీ” అన్నాడు అల్లుడు గర్వంగా, ఇద్దరికీ వినబడేలా. ఆలుమగలకు అలాంటి సూత్రం చెప్పకూడదని అతనికి తోచలేదు.

గొడవ ‘బాగా’ దగ్గర మొదలైంది. *బాగా పిండు* అంటే అత్తగారి లెక్కలో గుడ్డలోంచి చుక్క రాలకూడదు. మామగారి లెక్కలో అలా పిండితే పడే ముడతలు ఇస్త్రీకి లొంగవు, కాబట్టి బాగా అంటే సగం. పొద్దున ఆవిడ అర్థం, మధ్యాహ్నం ఆయన అర్థం, టీ తాగి వచ్చాక మళ్ళీ ఆవిడది. ఒక్కోసారి డ్రమ్ము తిరుగుతుండగానే అర్థం మారేది. అది ఒక్క క్షణం నిలబడి, ఏం చెయ్యాలో తెలియని కొత్త కోడలిలా అటూ ఇటూ ఊగి మళ్ళీ తిరిగేది.

ఒక సాయంత్రం ఆరబెట్టే యంత్రానికి బెల్టు తెగితే, మార్చడానికి అల్లుడు వెనకగదిలో నేల మీద పడుకుని ఉన్నాడు. తల పైన తెర మీద వాక్యాలు వరసగా పడుతున్నాయి.

ముందుగది నుంచి వచ్చింది: *తువ్వాళ్ళు ముందు ఉతకాలి.*

అత్తగారు నేర్పారు: *ముందుగది ఏం చెప్పినా ‘ఆలోచిద్దాం’ అని జవాబివ్వు.*

ముందుగది మళ్ళీ అంది: *తువ్వాళ్ళు ముందు ఉతకాలి.* యంత్రం అంది: *ఆలోచిద్దాం.*

కిటికీ అవతల కుర్చీ కిర్రుమంది. కాసేపటికి ముందుగది నేర్పింది: *ఆలోచిద్దాం అంటే సరే.*

అల్లుడు నేల మీదే పడుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంత చక్కగా వాడుకుంటారని తను కలలో కూడా అనుకోలేదు. బెల్టు బిగించి, చేతులు కడుక్కుని, ఇదంతా వ్యాసంలో పెట్టాలనుకుంటూ పైకి వెళ్ళిపోయాడు. అత్తగారు తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే హోటలు మేనేజరు వచ్చాడు. పెద్ద హోటలు. దుప్పట్లు, దిండు గలీబులు బండెడు. మధ్యాహ్నానికల్లా కొత్త అతిథులు దిగుతున్నారట, అందుకే తనే దగ్గరుండి పట్టుకెళతానని కౌంటరు ముందు బెంచీ మీద కూర్చున్నాడు.

అత్తగారు కొట్టారు: *దుప్పట్లు వచ్చాయి.* యంత్రం ‘సరే’ అంది. నీళ్ళు దూకాయి. వెంటనే ఆగాయి. మళ్ళీ కొట్టారు. మళ్ళీ సరే అంది, మళ్ళీ ఆగింది. ముందుగదిలో ఇస్త్రీ బల్ల మూత కిందికి దిగబోయి మధ్యలో నిలబడిపోయింది, తుమ్ము రాబోయి ఆగిన మనిషిలా.

“అల్లుడుగారూ” అని రెండు గదుల్లోంచీ ఒకేసారి కేక.

అల్లుడు మెట్లు దిగివచ్చి అవీ ఇవీ నొక్కి చూశాడు. ఏం కొట్టినా సరే అనడం, చతికిలబడడం. “నిన్న నేను వెళ్ళాక ఎవరైనా ఏమైనా నేర్పారా?” అని అడిగాడు.

అత్తగారు సబ్బు డబ్బా మూత బిగిస్తూ, “ఒక చిన్న మాట నేర్పాను” అన్నారు.

“ఏమని?”

“సరే అంటే ఆపు అని.”

“ఎందుకండీ?”

“మీ మావయ్యగారు దేనికైనా సరే అన్నారంటే ఆ పని అక్కడితో ఆగిపోయినట్టే. పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నాను. ఉన్నమాటే నేర్పాను.”

అల్లుడు నుదురు కొట్టుకున్నాడు. యంత్రం ప్రతి పనికీ ముందు సరే అంటుంది. తన సరే తనకే వినబడుతుంది. వినగానే ఆగిపోతుంది. పోనీ సరేకు పాత అర్థం నేర్పుదామంటే, నేర్చుకోబోతూ కూడా సరే అంటుంది, నేర్చుకోవడం కూడా ఆపేస్తుంది. జవాబులు మనిషి మాటతో సమానమని పెట్టింది తనే.

భాష తయారు చేసేటప్పుడు పరీక్షల కోసం ఒక దొడ్డిదారి పెట్టుకున్నాడు. ముందు *నోరు మూసుకుని విను* అని కొడితే, యంత్రం ఆ ఒక్క వాక్యానికీ సరే అనదు. ఆ దారిన వెళ్ళి సరేను సరిచేస్తే సరిపోయేది. కానీ అవతల మేనేజరు బెంచీ మీద గడియారం చూసుకుంటున్నాడు, మామగారు దగ్గుతున్నారు, అల్లుడికి తెలివి ఎక్కువైంది. ‘సరే’ను కదిపితే ‘ఆలోచిద్దాం’ కదులుతుంది, దాని మీద ఇంకేమేం కట్టారో ఎవరికి తెలుసు. అన్నిటికీ చివర ఉన్నది ‘ఆపు’ కదా, దాన్నొక్కదాన్నీ కదిపితే చాలుననుకున్నాడు.

*నోరు మూసుకుని విను: ఆపు అంటే ఏమీ చెయ్యకు.*

అత్తగారు మూడు డ్రమ్ములకూ దుప్పట్లు వచ్చాయన్నారు. మూడు డ్రమ్ములూ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టాయి. ఇస్త్రీ బల్ల మూత దిగింది. మేనేజరు గడియారం వదిలి కాళ్ళు చాపుకున్నాడు. అల్లుడు చొక్కా చేతులు మడుచుకుంటూ, “చూశారా” అన్నాడు.

చూశారు. డ్రమ్ముల్లో నీళ్ళు నిండాయి. నిండాక ఆగాలి. ఆపు అంటే ఏమీ చెయ్యకూడదు కాబట్టి ఆగలేదు. మూతల అంచుల్లోంచి మొదట సన్నగా, తర్వాత ధారగా నీళ్ళు దిగాయి. నీళ్ళ వెనక నురగ వచ్చింది. సబ్బు పొడి కూడా పడుతూనే ఉంది, దాన్ని ఆపేదీ అదే ఆపు కాబట్టి. నురగ నేల మీద పరుచుకుని, అల్లుడి మోకాళ్ళ దాకా వచ్చి, కీబోర్డు ఉన్న బల్ల మీదికి మెల్లగా ఎక్కింది. అతను ఏదో కొట్టబోయాడు. వేళ్ళ కింద మీటలు కనబడలేదు. అవతల ఇస్త్రీ బల్ల మూత తెరుచుకోకుండా ఆవిరి వదులుతూనే ఉంది. మేనేజరు కూర్చున్న చోట తెల్లటి మబ్బు, అందులోంచి అతని గొంతు మాత్రం, “ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అండీ?” అని అడిగింది.

అప్పుడు అత్తగారు కిటికీలోంచి తల పెట్టి అన్నారు, “ఏమండీ, మెయిన్ ఆపండి.”

“ఎక్కడుందే అది?” అన్నారు మామగారు మబ్బులోంచి.

“మీ నెత్తి మీదే. రోజూ గొడుగు తగిలిస్తారు చూడండి, అదే.”

గొడుగు కింద పడిన చప్పుడైంది. ఆ వెంటనే ఖటక్‌మని ఇంకో చప్పుడు. అన్నీ ఆగిపోయాయి. నురగ ఒక్కటే చిటచిటమంటూ కూలుతోంది.

ఆవిరి విడిపోయాక మేనేజరు మొహం తుడుచుకుంటూ వచ్చి అల్లుడి చెవిలో, “వీళ్ళిద్దరికీ మాటల్లేవని విన్నానే” అన్నాడు.

అత్తగారు, మామగారు ఒకరినొకరు చూసుకుని చెరోవైపు తిరిగారు.

ఆ రోజు పనంతా పాత పద్ధతిలో, డ్రమ్ముల మీది మరలు చేత్తో తిప్పుకుంటూ చేశారు. మేనేజరు కూడా చొక్కా విప్పి, బనీనుతోనే నిలబడి దుప్పట్లు మడతపెట్టాడు. మధ్యాహ్నం దాటాక బండి కదిలింది. భార్య క్లినిక్ నుంచి వచ్చేసరికి మొగుడు చీపురుతో నీళ్ళు నెడుతూ కనబడ్డాడు. సంగతంతా విని ఆమె అతన్ని ఉతికి ఆరేసింది. తడిసిన మనిషి కావడం వల్ల అతనికి పెద్దగా తేడా తెలియలేదు.

“తప్పు నాదే. ఇకనుంచి కొత్త మాటలు నేర్పడం అనేది ఉండదు. పది మాటలు పెడతాను, అవే వాడండి. నింపు, తిప్పు, పిండు” అన్నాడు నీరుగారిపోయి.

“అదెలా కుదురుతుంది?” అన్నారు అత్తగారు.

“నా ‘మర్యాదగా’ ఏమవుతుంది?” అన్నారు మామగారు.

“నేను నేర్పినవన్నీ పోతాయా? నేనొప్పుకోను బాబూ.”

“నేనూ ఒప్పుకోను. మీ అత్తగారికి చెప్పు, ఈ ఒక్క విషయంలో నేను ఆవిడ పక్షమే అని.”

అల్లుడు చీపురు పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అంతసేపూ చెప్పులు చేత్తో పట్టుకుని గడప మీద నిలబడ్డ భార్య అప్పుడు అంది, “ఎవరి గదిలో నేర్పిన మాట ఆ గదిలోనే చెల్లేలా పెట్టు. అమ్మ ‘బాగా’ అమ్మ గదిలో, నాన్న ‘బాగా’ నాన్న గదిలో. సరే, ఆపు, ఇలాంటివి రెండు గదులకూ కావాలి కదా, అవి మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటేనే మారాలి.”

అల్లుడు వెంటనే తలూపలేదు. “అప్పుడు భాష రెండు ముక్కలవుతుంది. అందం పోతుంది” అన్నాడు.

“అందం పొద్దున మోకాళ్ళ దాకా వచ్చిందటగా” అంది భార్య, మిగిలిన నురగలోకి అడుగుపెడుతూ.

రెండు వారాలు పట్టింది మళ్ళీ రాయడానికి. ఉమ్మడి మాట దేన్నైనా మార్చాలంటే ఒక గదిలో కొత్త అర్థం కొట్టాలి, రెండు గదుల్లోనూ ‘ఒప్పుకున్నాను’ అని కొట్టాలి. ఒకరు కొట్టి ఇంకొకరు కొట్టకపోతే పాత అర్థమే ఉంటుంది. యంత్రం జవాబులు యంత్రానికే వినబడకుండా కూడా చేశాడు. ఈసారి దాని గురించి గర్వపడలేదు.

మొదట్లో ఎవరూ దేనికీ ఒప్పుకోలేదు. నురగ రోజున అన్నవి మాటల కింద లెక్కకు రావని అత్తగారు తేల్చేశారు, “నీళ్ళు ముంచుకొచ్చినప్పుడు ఎవరితోనైనా మాట్లాడతాం” అన్నారు. కానీ ‘ఆరింది’ అనే మాట ఉమ్మడిది. ఆరింది అంటే ఇస్త్రీకి పంపవచ్చు అని. మామగారికి ఇస్త్రీకి కాస్త చెమ్మ ఉండాలి. అత్తగారి దృష్టిలో చెమ్మ ఉన్నది ఆరనట్టే. తెర మీద ఎన్ని కొట్టుకున్నా తెగలేదు. చివరికి ఒక మధ్యాహ్నం మామగారు సగం ఆరిన దిండు గలీబు పట్టుకుని లేచి, కిటికీ దగ్గరికి వచ్చి అవతలికి చాపారు.

“పట్టుకుని చూడు. ఇది తడా?” అన్నారు.

అత్తగారు పట్టుకున్నారు. చెంపకు ఆనించి చూశారు. “తడి కాదు. చెమ్మే” అన్నారు.

“మరి ఆరిందనొచ్చా?”

“ఆరిందని నేననను. ‘అయింది’ అంటాను.”

“అయింది అంటే అయింది. నాకభ్యంతరం లేదు.”

రెండు కీబోర్డులూ ఒకేసారి టకటకమన్నాయి. కౌంటరు దగ్గర చీటీలు కడుతున్న అల్లుడు తల ఎత్తలేదు. ఎత్తితే ఆగిపోతారేమోనని భయం.

ఆ తర్వాత రోజుకో మాట తెగింది. బుట్ట, తొందర, రేపు. ‘రేపు’ కోసం పొద్దున్నుంచి భోజనం దాకా వాదించుకున్నారు. అన్నం దగ్గర కూడా ఆపలేదు. ఒకనాడు మామగారు ముందుగదిలోంచి ఒక కొత్త ఉమ్మడి మాట పెట్టారు: *ఉన్ని అంటే వేడినీళ్ళు తగలకూడదు.* కొట్టి, ఒప్పుకున్నాను అని, ఇస్త్రీ బల్ల వైపు తిరిగిపోయారు.

వెనకగదిలో అత్తగారు చేతిలోని బట్ట పక్కన పెట్టారు. తర్వాత ఆ వాక్యం చివర ఇంకో ముక్క కలిపారు: *పొరపాటున తగిలితే నలుగురిలో అనకూడదు.*

యంత్రానికి అందులో సగం అర్థం కాలేదు. తెలియని మాట వస్తే ఏం చెయ్యాలని అల్లుడు పెట్టాడో అదే చేసింది. రెండు తెరల మీదా అడిగింది: *‘నలుగురిలో అనడం’ నాకు తెలియదు. ఎవరైనా నేర్పండి.*

మామగారు తెర వైపు చూశారు. కౌంటరు వైపు చూశారు, ఆనాడు కోటు పరిచిన చోటు వైపు. గొంతు సవరించుకుని, నిలబడే, ఒంటి వేలితో కొట్టారు: *నలుగురిలో అనడం అంటే తప్పు.* కాస్త ఆగి, *నాది* అని కలిపారు.

కిటికీ అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. తెర మీద రెండో ‘ఒప్పుకున్నాను’ పడింది. కాసేపటికి అత్తగారు, “టీ పెడుతున్నాను, తాగుతారా?” అన్నారు. ఎవరినో చెప్పలేదు. అల్లుడు తాగుతాననబోయి, సమయానికి నోరు మూసుకున్నాడు.

“పెట్టు” అన్నారు మామగారు.

అప్పటి నుంచి లాండ్రీలో నిశ్శబ్దం అనేది లేదు. ఇన్నాళ్ళూ నానబెట్టినవన్నీ ఇద్దరూ వరసగా ఉతుక్కుంటున్నారు. ఎక్కువగా తగువులే. కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళు బట్టలిచ్చాక కూడా కాసేపు నిలబడి వింటున్నారు.

ఒకరోజు అల్లుడు తన భాషలో ఒక లోపం గమనించాడు. ‘కాస్త బాగా’ అని ఎవరైనా కొడితే, ముందు ‘కాస్త’ చదవాలో, ముందు ‘బాగా’ చదవాలో యంత్రానికి తేలడం లేదు. చిన్న సవరణ, చిటికెలో అయిపోతుంది. ముందుగది తెర ముందు కూర్చుని కొట్టాడు.

తెర అంది: *అల్లుడుగారు మార్పు చెయ్యాలంటే ముందు ఇద్దరినీ అడగాలి. ఇద్దరూ భోజనంలో ఉన్నారు.*

అతను ఇంకోసారి చదివాడు. దొడ్డిదారిన ప్రయత్నించాడు. *నోరు మూసుకుని విను* అన్నాడు. తెర అంది: *పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదు.*

భాష లోపలి అసలు ప్రోగ్రాం తను రాసిందే. పైకి వెళ్ళి అక్కడే మార్చేసి రావచ్చు, ఎవరికీ తెలియదు. సగం మెట్లు ఎక్కాడు కూడా. లాండ్రీ వెనక ఇంట్లోని వంటగదిలోంచి వాళ్ళిద్దరి గొంతులూ వినబడుతున్నాయి. అర్ధవిరామానికి చుక్కా కామా రెండూ పెట్టాలా, అసలు అవసరమా అని వాదించుకుంటున్నారు. అత్తగారు కామా ఒక్కటి చాలంటున్నారు. అది తన భాషలో చుక్కా కామా గురించే. అల్లుడు మెట్ల మీద కూర్చుండిపోయాడు. భాష చేసిననాటి నుంచీ దాని గురించి ఇంత శ్రద్ధగా ఎవరైనా వాదించుకోవడం ఇదే మొదలు. తనను పిలవకుండా.

లేచి కిందికి దిగి, వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

“చిన్న మార్పు చేద్దామనుకుంటున్నానండీ” అన్నాడు.

“కూర్చో బాబూ. ఏం మార్పు?” అన్నారు అత్తగారు, కంచం పెడుతూ.

అతను ‘కాస్త’ గురించీ, ‘బాగా’ గురించీ వివరించాడు. ఇద్దరూ తినడం ఆపి విన్నారు.

“దానివల్ల మాకొచ్చే లాభమేంటి?” అన్నారు మామగారు.

“యంత్రం తికమకపడదండీ.”

“పడనీ” అన్నారు అత్తగారు. “కాస్త బాగా అని మేమెప్పుడంటాం? అయితే కాస్త, లేకపోతే బాగా.”

“నేనంటాను అప్పుడప్పుడూ” అన్నారు మామగారు.

“మీరెప్పుడన్నారు?”

“మొన్న తువ్వాళ్ళకు అనలేదూ?”

“అది కాస్త గట్టిగా.”

అల్లుడు అన్నం కలుపుకున్నాడు. తెగేలా లేదు. సాయంత్రం దాకా ఆగమన్నారు. ఈలోగా హోటలు దుప్పట్లు బండికెక్కించి, దించి రమ్మన్నారు.